నవ్వు ఎవరి మీద? వొయినోవిచ్ ‘మాస్కో 2042’ నవలకు పాఠకస్పందనల చరిత్ర

వ్యాససంగ్రహం

రష్యన్ రచయిత వ్లదీమిర్ వొయినోవిచ్ 1982–1986 మధ్య రాసిన ‘మాస్కో 2042’ హాస్యప్రధానమైన డిస్టోపియా నవల. మూడు దశాబ్దాల కాలంలో మూడు పాఠకసమూహాలు ఈ ఒక్క నవలను మూడు విధాలుగా స్వీకరించాయి. ప్రవాస రష్యన్లలో ఒక వర్గం దీనిని ఒక మహారచయితపై దాడిగా చూసింది. సోవియట్ చివరిదశ పాఠకులు ముగిసిపోతున్న వ్యవస్థపై వెక్కిరింతగా చదివారు. 2000 తరువాతి పాఠకులు దీనిని జోస్యంగా కొనియాడారు. ఈ మూడు స్పందనల చారిత్రక కారణాలను పరిశీలించి, మూడింటిలోనూ నవల వేసిన అసలు ప్రశ్న పక్కకు జరిగిపోయిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ఆధునిక పాఠకస్పందన సిద్ధాంతంతోపాటు అభినవగుప్తుని రసవిఘ్న వివేచనను ఆధారంగా తీసుకున్నాను.

కీలక పదాలు: డిస్టోపియా, హాస్యం, పాఠకస్పందన, వొయినోవిచ్, సోల్జెనిత్సిన్, ప్రవాస సాహిత్యం, రసవిఘ్నాలు.

1. ఉపోద్ఘాతం

ఆదర్శసమాజాన్ని ఊహించి చెప్పే రచన యుటోపియా. ఆ ఆదర్శం తలకిందులై మనిషిని నలిపివేసే సమాజాన్ని చిత్రించేది డిస్టోపియా. జమ్యాతిన్ ‘మేము’, హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ (1932), ఆర్వెల్ ‘1984’ (1949) ఈ ప్రక్రియకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. వీటిలో వ్యంగ్యం ఉన్నా, పాఠకుని మనసులో చివరకు మిగిలేది భయం. వొయినోవిచ్ ఈ సంప్రదాయంలోనే రాస్తూ, భయానకానికి బదులు హాస్యాన్ని అంగిరసంగా చేసుకొన్నాడు. పాఠకులు ఆయనను ఎలా అర్థం చేసుకొన్నారన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

సాహిత్యచరిత్ర అంటే రచయితల, రచనల చరిత్ర మాత్రమే కాదని, స్వీకరణ చరిత్ర కూడానని హాన్స్ రాబర్ట్ యావుస్ 1967లో కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయ ఉపన్యాసంలో ప్రతిపాదించాడు. పాఠకుడు ఒక రచన దగ్గరకు ఖాళీ మనసుతో రాడు. అంతకుముందు చదివినవి, నమ్మినవి, అనుభవించినవి కలిసి అతనికి ఒక ‘ఆకాంక్షల దిగంతం’ ఏర్పరుస్తాయి. భయాన్ని ఆశించి వచ్చినవాడు ఏడవవచ్చు, వణకవచ్చు. నవ్వవలసి వస్తే మాత్రం ఆ నవ్వు ఎవరి మీదనో ముందుగా తేల్చుకోవాలని చూస్తాడు. ‘మాస్కో 2042’ స్వీకరణ చరిత్ర అంతా ఈ తేల్చుకొనే ప్రయత్నమే.

2. రచయిత, రచనా నేపథ్యం

వొయినోవిచ్ 1932లో నేటి తజికిస్తాన్ రాజధాని దుషాంబేలో జన్మించాడు. అమాయకుడైన సైనికుడు ఇవాన్ చోన్కిన్ కథలతో సోవియట్ అధికారవ్యవస్థను పరిహసించిన ఆయన రచనలు స్వదేశంలో చేతిరాత, టైపు ప్రతులుగా రహస్యంగా తిరిగాయి, విదేశాలలో అచ్చయ్యాయి. 1974లో సోవియట్ రచయితల సంఘం ఆయనను బహిష్కరించింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో దేశం నుంచి వెళ్లగొట్టబడిన అలెగ్జాండర్ సోల్జెనిత్సిన్ పక్షాన నిలిచిన రచయితలలో వొయినోవిచ్ ఒకడు. ఈ విషయం తరువాతి కథకు చాలా ముఖ్యం. 1980 డిసెంబరులో ఆయన పశ్చిమ జర్మనీకి వలస వెళ్లి మ్యూనిక్ సమీపంలో స్థిరపడ్డాడు. 1981లో ప్రభుత్వం ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది.

‘మాస్కో 2042’ ఈ ప్రవాసంలో పుట్టిన నవల. నిషిద్ధ రష్యన్ సాహిత్యానికి ఆశ్రయమిచ్చిన అమెరికన్ ప్రచురణసంస్థ ఆర్డిస్ దీనిని రష్యన్ భాషలో ప్రచురించింది. రిచర్డ్ లూరీ చేసిన ఆంగ్లానువాదం 1987లో వెలువడింది.

3. ఇతివృత్తం: హాస్యానికి రెండు ఆలంబనలు

కథకుడు విటాలీ కార్త్సెవ్ మ్యూనిక్‌లో ఉంటున్న ప్రవాస రచయిత. 1982లో అతడు కాలయానం చేసి 2042 నాటి మాస్కోకు వెళతాడు. అక్కడ ఒకే ఒక్క నగరంలో కమ్యూనిజం నిర్మాణం పూర్తయింది. పార్టీ, రాజ్య భద్రతావిభాగం కలిసి ఒకే సంస్థగా మారాయి. మతాన్ని కూడా అందులో కలిపివేశారు; ప్రజలు శిలువ గుర్తుకు బదులు నక్షత్రం గుర్తు వేసుకొంటారు. నగరం చుట్టూ ‘శత్రుత్వ వలయాలు’ మూడు ఉన్నాయి. ఏలిక పేరు ‘జీనియలిస్సిమస్’. అంటే మేధావులలో పరమ మేధావి. మలాన్ని ‘ద్వితీయ ఉత్పత్తి’ అంటారు. అది అప్పగించినవారికే ‘ప్రథమ ఉత్పత్తి’ అయిన ఆహారం దొరుకుతుంది. వార్తాపత్రికను మరుగుదొడ్లలో చుట్టలుగా వేలాడదీస్తారు.

హాస్యానికి ఇది మొదటి ఆలంబనం. రెండవది సిమ్ సిమిచ్ కర్నవాలొవ్. ఇతడు సోవియట్ వ్యవస్థను ఎదిరించి దేశబహిష్కృతుడైన మహారచయిత. కెనడాలో కోటలాంటి ఎస్టేటులో ఉంటాడు. తన బృహద్రచన భాగాలను సంపుటాలని కాక ‘బండరాళ్లు’ అని పిలుస్తాడు. ఏదో ఒకనాడు మాతృభూమిలోకి తెల్లగుర్రంపై ప్రవేశించడానికి రోజూ సాధన చేస్తుంటాడు. చివరకు తన శరీరాన్ని గడ్డకట్టించి భద్రపరచుకొని, 2042లో మేల్కొని, తెల్లగుర్రమెక్కి మాస్కోకు వచ్చి చక్రవర్తి అవుతాడు. యంత్రవాహనాలకు బదులు పశువులు లాగే బండ్లు రావాలని, పురుషులు గడ్డాలు పెంచాలని శాసనాలు చేస్తాడు. నిన్నటివరకు జీనియలిస్సిమస్‌ను పొగిడిన అధికారులే ఈరోజు కొత్త చక్రవర్తి కొలువులో చేరతారు.

కర్నవాలొవ్‌లో సోల్జెనిత్సిన్ పోలికలు కనిపించని రష్యన్ పాఠకుడు ఉండడు. సోల్జెనిత్సిన్ అప్పటికి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఏకాంతంగా ఉంటూ ‘ఎర్రచక్రం’ అనే బృహన్నవలను రాస్తున్నాడు. దాని భాగాలను ఆయన ‘ముడులు’ అన్నాడు. వొయినోవిచ్ ‘బండరాళ్లు’ దానికి పేరడీ అని చెప్పనక్కరలేదు.

4. నవలలోని పాఠకులు

నవల బయటి పాఠకుల గురించి చెప్పే ముందు, లోపలి పాఠకులను గమనించాలి. 2042 మాస్కోలో సాహిత్యం రెండు శాఖలు: కాగితసాహిత్యం, కాగితరహిత సాహిత్యం. రెండవ శాఖలో రచయితలు వరుసగా కూర్చొని కీబోర్డులపై రోజంతా టైపు చేస్తుంటారు. ఆ తీగలన్నీ ఒక గోడ వెనకకు వెళతాయి. గోడ వెనక కంప్యూటరు లేదు. రాసేవారు వేలమంది, చదివేవాడు ఒక్కడూ లేడు. పాఠకుడిని తొలగించిన సమాజానికి ఇంతకన్న పదునైన చిత్రణ కష్టం.

అదే నగరంలో కార్త్సెవ్ రాయబోయే నవలను అధికారులు అప్పటికే చదివి ఉంటారు. అతని శతజయంతి జరపడానికి వారు సిద్ధమే, కాని ఒక షరతు పెడతారు: నవల నుంచి సిమ్‌ను కొట్టివేయాలి. పుస్తకంలోంచి పాత్రను తీసివేస్తే లోకంలోంచి కూడా అతని రాక ఆగిపోతుందని వారి నమ్మకం. పాత్రకు, వ్యక్తికి తేడా చూడలేని పాఠకులు వీరు. నవల అచ్చయిన తరువాత బయట రేగిన వివాదానికి నమూనా ఇలా నవలలోనే ముందుగా సిద్ధమై ఉంది.

5. మొదటి స్పందన: ప్రవాసుల ఆగ్రహం

1970ల తరువాత సోవియట్ దేశం విడిచిన రచయితలు, మేధావులు ఒకే మాటపై ఉన్నవారు కారు. పారిస్‌లో మక్సీమొవ్ సంపాదకత్వంలోని ‘కొంతినెంత్’, సిన్యావ్‌స్కీ దంపతుల ‘సింతాక్సిస్’ పత్రికలు రెండు భిన్న ధోరణులకు వేదికలు. రష్యా భవిష్యత్తు సనాతన క్రైస్తవంలో, జాతీయ సంప్రదాయంలో ఉందన్న వాదం ఒకవైపు, పాశ్చాత్య ప్రజాస్వామ్య బహుళత్వంలో ఉందన్న వాదం మరొకవైపు నిలిచాయి. 1983లో సోల్జెనిత్సిన్ ‘మన బహుళవాదులు’ అనే వ్యాసంలో రెండవ వర్గాన్ని తీవ్రంగా విమర్శించాడు. ‘మాస్కో 2042’ ఈ కలహం మధ్యకు వచ్చిపడింది.

అందువల్ల ప్రవాస పాఠకులు మొదట అడిగిన ప్రశ్న ‘నవల ఎలా ఉంది’ అన్నది కాదు, ‘ఆయన మీద ఇలా రాయవచ్చునా’ అన్నది. ఈ ఆగ్రహాన్ని వట్టి వ్యక్తిపూజగా కొట్టివేయడం న్యాయం కాదు. ‘గులాగ్ ద్వీపసమూహం’ రచయిత కోట్లాది మృతుల పక్షాన సాక్ష్యం చెప్పినవాడు. ఆ పుస్తకాన్ని ఇంట్లో దాచుకోవడమే ప్రమాదంగా ఉన్న దేశం నుంచి ఈ పాఠకులు వచ్చారు. సోల్జెనిత్సిన్‌పై సోవియట్ ప్రభుత్వం దుష్ప్రచారం సాగిస్తూనే ఉంది. అటువంటి సమయంలో మనవాడే మనవాడిని చూసి నవ్వితే అది శత్రువుకు ఆయుధం అవుతుందన్న భయం వారిది. పైగా ఆ నవ్వినవాడు 1974లో అదే సోల్జెనిత్సిన్ కోసం నిలిచినవాడు. శత్రువు పరిహాసం కన్న మిత్రుని పరిహాసం ఎక్కువగా గుచ్చుకొంటుంది.

సోల్జెనిత్సిన్ కూడా తన ప్రవాసజీవిత జ్ఞాపకాలలో ఈ చిత్రణపై తన అసంతృప్తిని దాచుకోలేదు. వొయినోవిచ్ 2002లో ‘పురాణగాథ నేపథ్యంలో ఒక చిత్తరువు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకమే రాసి, తన నవలకు వచ్చిన నిరసనలను వివరించి సమాధానం ఇచ్చాడు. ఒక మనిషిని అవమానించడం తన ఉద్దేశం కాదని, విగ్రహాలను నిలబెట్టుకొనే అలవాటునే తాను పరిహసించానని ఆయన వాదన సారం. అయితే ఆ పుస్తకం సోల్జెనిత్సిన్‌పై సూటి విమర్శ కావడంతో, పాత్ర వేరు, వ్యక్తి వేరు అన్న తన వాదాన్ని ఆయనే కొంత బలహీనపరచుకొన్నాడని కూడా ఒప్పుకోవాలి. పాఠకులను సమాధానపరచడానికి రచయిత చేసే ప్రయత్నం కొన్నిసార్లు రచనకు హాని చేస్తుందనడానికి ఇది ఉదాహరణ.

6. రెండవ స్పందన: స్వదేశంలో వెక్కిరింత

గోర్బచేవ్ కాలంలో దశాబ్దాలుగా నిషేధంలో ఉన్న పుస్తకాలు ఒకేసారి సోవియట్ పాఠకుల చేతికి వచ్చాయి. 1920ల నాటి జమ్యాతిన్ ‘మేము’ సైతం స్వదేశంలో అచ్చయింది 1988లోనే. 1990లో వొయినోవిచ్‌కు పౌరసత్వం తిరిగి లభించింది. ‘మాస్కో 2042’ కూడా సోవియట్ యూనియన్ చివరి సంవత్సరాలలో అక్కడి పాఠకులను చేరింది.

ఈ పాఠకుల ఆకాంక్షల దిగంతం పూర్తిగా వేరు. ప్రవాసుల పత్రికాకలహాలు వారికి దూరం. దుకాణాల ముందు బారులు, సరుకుల కూపన్లు, అర్థంలేని నినాదాలు, సంక్షిప్తపదాల మయమైన కార్యాలయ భాష వారి నిత్యజీవితం. ‘ద్వితీయ ఉత్పత్తి’ నియమం వారికి ఊహ కాదు; తమ అనుభవానికి కొద్దిపాటి అతిశయోక్తి మాత్రమే. కాబట్టి వారి నవ్వు కర్నవాలొవ్ మీదకన్న జీనియలిస్సిమస్ రాజ్యం మీద నిలిచింది. 1991 ఆగస్టులో కేజీబీ అధిపతి క్ర్యుచ్‌కొవ్ భాగస్వామిగా తిరుగుబాటు ప్రయత్నం జరిగినప్పుడు మరొక విషయం దృష్టికి వచ్చింది. నవలలో భద్రతాధికారి అధికారానికి వచ్చిన ఘట్టం పేరు ‘మహా ఆగస్టు విప్లవం’.

ఆ ప్రయత్నం మూడు రోజులలో విఫలమైంది. సంవత్సరాంతానికి సోవియట్ యూనియన్ అంతరించింది. దానితో నవలకు పని తీరిపోయిందన్న భావం కలగడం సహజం. ఈ స్పందనలో నవ్వు నిండుగా ఉంది. కాని అది పోయినవారి మీద నవ్వు. అందులో తమకు ప్రమాదం లేదు.

7. మూడవ స్పందన: జోస్యం

1994లో సోల్జెనిత్సిన్ రష్యాకు తిరిగివచ్చాడు. తూర్పు తీరంలోని వ్లదివోస్తోక్ నుంచి మాస్కో వరకు రైలులో, ఊరూరా ప్రజలను కలుస్తూ ప్రయాణించాడు. కర్నవాలొవ్ తెల్లగుర్రం తెలిసినవారికి ఈ ప్రయాణం నవలను గుర్తుచేయక మానదు. కాని రైలు దిగిన సోల్జెనిత్సిన్ ఏ సింహాసనాన్నీ ఎక్కలేదు. వ్యక్తివిషయంలో నవల ఊహ తప్పింది. 2000లో, ఒకప్పుడు తూర్పు జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో పనిచేసిన కేజీబీ అధికారి వ్లదీమిర్ పుతిన్ రష్యా అధ్యక్షుడయ్యాడు. జీనియలిస్సిమస్ కూడా జర్మనీతో సంబంధమున్న కేజీబీ అధికారే. రాజ్యానికి, భద్రతావ్యవస్థకు, మతసంస్థకు మధ్య దూరం తగ్గుతున్నకొద్దీ పాఠకులు ఈ నవలను మళ్లీ తెరిచారు. ఇప్పుడు వారు దీనికి పెట్టిన పేరు ‘జోస్యం’. 2018 జులైలో వొయినోవిచ్ మరణించినప్పుడు వెలువడిన నివాళులలోనూ ఈ మాట మారుమోగింది. తాను రాసింది హెచ్చరికగానే కాని నిజం కావాలని కాదని ఆయన చెప్పుకొంటూ వచ్చాడు.

ఈ స్పందన ప్రశంసాత్మకమైనది కాబట్టి దాని లోపం సులభంగా కనిపించదు. జోస్యంగా చదివే పాఠకుడు నవలలోని వివరాలను వార్తలతో సరిపోల్చుతాడు. సరిపోయినవి గుర్తుపెట్టుకొంటాడు, సరిపోనివి వదిలేస్తాడు. నవ్వడం దాదాపు మానేస్తాడు. అన్నిటికన్న ముఖ్యంగా, నవల జీనియలిస్సిమస్‌తో ముగియలేదన్న సంగతిని మరచిపోతాడు. అతడు కూలిపోయాక ప్రజలు స్వేచ్ఛను కోరలేదు. మరొక విగ్రహానికి మోకరిల్లారు. భద్రతాధికారి రాజ్యమేలడం నవలలోని మధ్యదశ మాత్రమే. విముక్తిదాత కోసం ఎదురుచూసే మనస్తత్వమే దాని చివరి భయం.

8. రసవిఘ్నాల వెలుగులో మూడు స్పందనలు

భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా విభజించాడు. తాను నవ్వడం ఆత్మస్థం, ఇతరులను నవ్వించడం పరస్థం. స్మితం మొదలు అతిహసితం వరకు ఆరు భేదాలను నవ్వేవారి ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులనుబట్టి చెప్పాడు. ఈ వర్గీకరణ అంతా నవ్వేవానిని గూర్చినది. నవ్వుకు ఆలంబనమైనవాడు ప్రేక్షకులలోనే కూర్చొని ఉంటే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే అభినవగుప్తుని దగ్గరకు వెళ్లాలి.

రసప్రతీతికి అడ్డుపడే విఘ్నాలను అభినవగుప్తుడు ఏడుగా లెక్కించాడు. నాట్యాన్ని గురించి చెప్పిన వాటిని నవలకు అన్వయించడం విస్తరణే అయినా, ప్రస్తుత సందర్భంలో అది ప్రయోజనకరం. రెండవ విఘ్నం ప్రకారం, చూస్తున్నది ‘నాది’ అనో ‘ఇతరులది’ అనో ఒక దేశానికి, కాలానికి కట్టివేస్తే సాధారణీకరణం జరగదు. ప్రవాస పాఠకులకు కలిగినది ఇందులో స్వగతభేదం: అవమానం తమదే అనుకొన్నారు. పెరెస్త్రోయికా కాలపు పాఠకులకు కలిగినది పరగతభేదం: ఇదంతా వెళ్లిపోతున్నవారి కథ అనుకొన్నారు. ఇక జోస్యంగా చదివినవారి విషయంలో పనిచేసినది ‘అప్రధానత’ అనే విఘ్నం. ప్రధానంగా ఆస్వాదించవలసిన హాస్యం వెనక్కి వెళ్లి, దానికి అంగమైన వివరాలు ముందుకు వచ్చాయి.

స్టాన్లీ ఫిష్ 1980లో చెప్పిన ‘వ్యాఖ్యాన సమూహాలు’ అన్న భావన ఈ మూడు వర్గాలు ఎందుకు భిన్నంగా చదివాయో వివరిస్తుంది. కాని ఆ పఠనాలలో ఏది లోపించిందో చెప్పే సాధనం అందులో లేదు. రసవిఘ్న వివేచన ఆ లోటు పూరిస్తుంది. రెండింటినీ కలిపి వాడుకోవడం స్వీకరణ అధ్యయనాలకు మేలు.

9. తెలుగు పాఠకుని స్థానం

రష్యన్ సాహిత్యంతో తెలుగువారి పరిచయం గాఢమైనది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో ప్రచురించిన పుస్తకాలు చౌకధరకు మన ఊళ్లలో దొరికాయి. రాచమల్లు రామచంద్రారెడ్డి, ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి ఆ అనువాదాలు చేశారు. గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్ మన రచయితలంత దగ్గరయ్యారు. అయితే ఆ ద్వారం ప్రభుత్వ ప్రచురణసంస్థలది. రచయితల సంఘం బహిష్కరించిన, పౌరసత్వం కోల్పోయిన వొయినోవిచ్ వంటి రచయిత ఆ దారిన మనవరకు రావడానికి అవకాశం లేదు. అంటే ఇక్కడ పాఠకస్పందన పుస్తకం చేతికి రాకముందే ఒక రూపం తీసుకొంది. ఒక సమాజం ఏ పుస్తకాన్ని ఎలా చదివిందన్నదే కాక, ఏది ఏ దారిలో చేరింది, ఏది చేరలేదు అన్నది కూడా స్వీకరణ చరిత్రలో భాగమే. తెలుగులో రష్యన్ సాహిత్య ప్రభావంపై జరిగే పరిశోధనలు ఈ రెండవ పార్శ్వాన్ని కూడా చేర్చుకోవాలి.

10. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

• హాస్యప్రధానమైన డిస్టోపియా ఎదుర్కొనే స్పందన, భయప్రధానమైన దానికన్న ఎక్కువగా, ఆలంబనం ఎవరన్న ప్రశ్నపై ఆధారపడి ఉంటుంది.

• ‘మాస్కో 2042’లో ఆలంబనాలు రెండు: పీడించే అధికారం, ఆ అధికారాన్ని ఎదిరించే ఆరాధ్యవ్యక్తి. ప్రతి పాఠకసమూహం తన కాలానికి అవసరమైన ఒక ఆలంబనాన్నే చూసింది.

• నింద మాత్రమే కాదు, ‘జోస్యం’ అన్న ప్రశంస కూడా రచనను కుదించగలదు.

• సిమ్‌ను కొట్టివేయమన్న నవలలోని అధికారులు, అటువంటి పాత్ర ఉండకూడదన్న నవల బయటి పాఠకులు రాజకీయంగా పరస్పర శత్రువులు. పఠనపద్ధతిలో మాత్రం వారు ఒకే పక్షం.

ఎదుటి పక్షాన్ని చూసి నవ్వే రచయితను సాహసి అంటాము. మన పక్షాన్ని చూసి నవ్వినవాడిని ద్రోహి అంటాము. వ్యంగ్యరచనలను తరగతిలో బోధించేటప్పుడు, సిద్ధాంతవ్యాసాలలో పరిశీలించేటప్పుడు రచయిత ఎవరిని పరిహసించాడన్న ప్రశ్నతో ఆగిపోవడం మనకూ అలవాటే. ఆ పరిహాసం చదువుతున్నప్పుడు మన నవ్వు ఏ పుట దగ్గర ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో కూడా అడగాలి. జీనియలిస్సిమస్‌ను చూసి నవ్విన పాఠకుడు కర్నవాలొవ్ దగ్గర కూడా నవ్వగలిగితేనే వొయినోవిచ్ నవలను పూర్తిగా చదివినట్లు.